ఆయనలో ఇద్దరు లేరండీ

పాత ఇంగ్లీషు భయానక నవలల్లో రెండు ముఖాల మనుషుల గురించి పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోతుంది. అందుకు కారణం తాడేపల్లిగూడెంలో రైలెక్కి నా పక్కన కూర్చున్న ఒకావిడ.

ఏలూరు కాలేజీలో చెప్పబోయే ఆ పాఠమే చూసుకుంటున్నాను. "కథేమిటండీ?" అని అడిగింది.

"ఒక పెద్దమనిషి కథండీ. ఊళ్ళో అందరికీ మంచివాడు, చాటున రాక్షసుడు. ఒకే మనిషిలో ఇద్దరన్నమాట," అన్నాను.

ఆవిడ నా ఒళ్ళో పుస్తకం టప్పున మూసేసింది.

"మాకు బట్టల కొట్టుందండీ. ఎవరైనా చీరలన్నీ విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినా, మా ఆయన 'మళ్ళీ రండమ్మా' అంటూ గుమ్మం దాకా సాగనంపుతారు. ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గితే కంచం నా మొహాన విసురుతారు. ఆయనలో ఇద్దరు లేరండీ. ఉన్నది ఒక్కడే. ఎవరి మీద విసరొచ్చో బాగా తెలిసినవాడు."

ఆవిడ కనుబొమ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. భీమడోలులో దిగి వెళ్ళిపోయింది.

మా పిల్లలు ఇప్పటికీ పరీక్షల్లో "అతనిలో ఇద్దరున్నారు" అని రాస్తారు. ఎర్రసిరాతో కొట్టేస్తాను. "గైడులో అలాగే ఉందండీ మేడమ్," అంటారు.

ఉంటుంది. ఆ గైడు రాసినాయన మొహాన ఎవరూ కంచం విసిరి ఉండరు.