రామన్న నున్నటి గడ్డి

హైదరాబాద్ శివార్లలో, నల్లగండ్ల అవతల రామన్నకు రెండెకరాల బీడు ఉండేది. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్నా ఆ నేల అమ్మనని మొండికేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ చూసిన ప్రతివాడూ దాన్ని "ఖాళీ జాగా" అనడం ఆయనకు గిట్టలేదు. ఒక ఆఫీసు ముందు పరిచిన లాన్ గడ్డి చూసొచ్చి, తనూ అదే పండిస్తానన్నాడు.

దున్నించాడు. యూరియా చల్లాడు. కలుపు మందు కొట్టాడు. ఆర్నెల్లకు రెండెకరాలూ పచ్చటి తివాచీలా మారాయి. రామన్న దాని మీద చెప్పులు విప్పి నడిచేవాడు, ఇంకెవర్నీ నడవనిచ్చేవాడు కాదు. భార్య కనకలక్ష్మి మేకల్ని అటు తోలితే గట్టు మీంచే కేకేసేవాడు. వచ్చినవాళ్ళతో, "ఒక్క పిచ్చిమొక్క చూపియ్యి, నా పేరు మార్చుకుంట," అనేవాడు. ఎవరూ చూపించలేకపోయారు, పేరు అలాగే ఉండిపోయింది.

గడ్డిని చాపల్లా చుట్టి ఆఫీసులకు పంపేవాడు. చాపతో పాటు పైమట్టి కూడా లారీ ఎక్కేది. మొదట మిడతలు కనబడకుండా పోయాయి, తర్వాత వాటికోసం వచ్చే గోరింకలు. "పీడ పోయింది," అన్నాడు రామన్న. రెండో వానాకాలంలో తివాచీ మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. పట్టి లాగితే గడ్డి విగ్గులా చేతికొచ్చింది. కింద తెల్లటి వేరుపురుగులు. ఇంకో మందు తెచ్చాడు. ఆ వారమే పెద్ద వాన పడి, నేలలో ఇంకని నీళ్ళు తిన్నగా పొలం పక్కనే ఉన్న వాళ్ళ వంటింట్లోకి వచ్చాయి.

"ఇదివరకు ఈ నేల తాగేది," అంది కనకలక్ష్మి గిన్నెలు పైకెత్తుతూ. "ఇప్పుడు మనకు తాపుతున్నది."

వానే ఎక్కువైందన్నాడు రామన్న, గుమ్మానికి ఇసుక బస్తా అడ్డం పెడుతూ.

భాద్రపదం చివర్లో రసజ్ఞ ఫోన్ చేసింది. ఆయన గడ్డి కొనే ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో తోట పనులు చూసే అమ్మాయి, రాజమండ్రి వైపు నుంచి వచ్చింది.

"రామన్న గారూ, ఆఫీసులో బతుకమ్మ పేరుస్తున్నామండి. గునుగు పూలు ఎక్కడా దొరకట్లేదు. మీకు అంత పొలం ఉంది కదా, నాలుగు గంపలు పంపిస్తారా?"

బీడుగా ఉన్నప్పుడు అక్కడ నడుమెత్తు గునుగు పూసేది. వాడలోని ఆడవాళ్ళంతా అక్కడే కోసుకునేవాళ్ళు. కలుపు మందుకు మొదట పోయింది అదే.

"జర చూసి చెప్త బిడ్డా," అన్నాడు రామన్న.

కనకలక్ష్మి అంతా వింది. "చెప్పరాదు, ఒక్క పిచ్చిమొక్క గూడ లేదని. అందరికీ చెప్పినవ్ గద."

ఆ ఏడు ఆవిడే వికారాబాద్ దిక్కు బస్సెక్కి పుట్టింటి ఊరి నుంచి గునుగు తెచ్చింది. ఇంటికి సగం, రసజ్ఞకు సగం. బస్సు దిగాక గంపలు మోసింది రామన్నే.

పండగ దాటాక ఒకెకరంలో లాన్ తీసేసి మందు మానేశాడు. మిగతా ఎకరం ఆఫీసులకే. మొండితనం ఒక్కసారిగా పోదు మరి. మొదటి ఏడు అక్కడ ముళ్ళు తప్ప ఏమీ లేవు. రెండో ఏడు గట్ల వెంట గునుగు తొంగిచూసింది. గోరింకలు వాలి, పక్క లాన్‌లో పురుగుల్ని కూడా ఏరుకుతిన్నాయి. వాన నీళ్ళు ఇప్పటికీ గుమ్మం దాకా వస్తాయి, లోపలికి మాత్రం రావు.

ఈమధ్య రామన్న వచ్చినవాళ్ళను ఆ ఎకరమంతా తిప్పి, తనే విత్తినట్టు ఒక్కో మొక్క పేరూ చెబుతున్నాడు. కనకలక్ష్మి వెంటే నడుస్తూ, తప్పు చెప్పిన పేర్లు సరిదిద్దుతోంది.