సారు పూరా విన్నరు

నా చిన్నప్పుడు టేపు రికార్డరంటే పెళ్ళి ఇంటి ముందు పాటలు మోగించే పెట్టె అని మాత్రమే తెలుసు. అది బడిలోకి, అందులోనూ తెలుగు క్లాసులోకి వస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు మా తెలుగు టీచరు బరువైన గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చి దిగారు. మామూలుగా ఆవిడ సంతోష్‌నగర్ నుంచి బస్సులో వచ్చి, బస్టాపు నుంచి నడిచేవారు. ఆ రోజు రిక్షా ఎందుకో క్లాసులో తెలిసింది. సంచిలోంచి నల్లటి టేపు రికార్డరు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టారు. వాళ్ళ తమ్ముడు దుబాయి నుంచి తెచ్చాడట.

మా బడి పాతబస్తీలో ఒక పాత దేవిడీలో నడిచేది. ఎప్పుడో ఎవరో నవాబు కుటుంబం ఉండి వదిలేసిన పెద్ద ఇల్లు అది. గోడల సున్నం పెళ్ళలుగా రాలేది. వాన పడితే ఆరో తరగతీ మేమూ ఒకే గదిలో సర్దుకునేవాళ్ళం. ఉర్దూ మీడియం పిల్లలు చాలామంది ఉండేవారు. తెలుగు మీడియంలో మాత్రం మేం గుప్పెడు మందిమి.

నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ అబ్బా మా గల్లీ చివర పరుపులు, రజాయిలు కుట్టేవారు. వాళ్ళింట్లో మాట్లాడేది దక్కనీ. అయినా ఆయన పట్టుబట్టి కూతురిని తెలుగు మీడియంలో వేశారు. సర్కారు నౌకరీ కావాలంటే తెలుగు రావాలని ఆయన నమ్మకం. ఆ అమ్మాయికి 'ళ' పలికేది కాదు, 'ల' అనేసేది. పిల్లలు నవ్వితే తనూ నవ్వేది. కానీ పాఠం చదవడం మొదలుపెడితే గదిలో ఎవరూ కదిలేవారు కాదు. అంత నిండుగా ఉండేది ఆ గొంతు.

మొదటి రోజు టీచరు మా అందరి చేతా తలా ఒక పేరా చదివించి, రికార్డు చేసి, తిరిగి వినిపించారు. మా గొంతులు విని మేమే నివ్వెరపోయాం. ఇది నా గొంతు కాదు టీచర్, మిషిన్‌ల ఏదో ఖరాబుంది అని నేను వాదించాను.

"నీ గొంతే బిడ్డా" అన్నారు టీచరు. "ఇన్నేండ్ల నుంచి బయటోళ్ళు ఇంటున్నది గిదే. ఇయ్యాల నువ్వు ఇన్నవ్."

వాక్యం చివర మాటలు మింగేస్తానని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే మేమంతా మాటలు చివరిదాకా పలకడం మొదలుపెట్టాం.

కొన్నాళ్ళకు ఆవిడ ప్రాజెక్టు అన్నారు. ప్రాజెక్టంటే నదికి కట్టే ఆనకట్ట అనే మాకు తెలుసు. అది కాదని, మీరే ఊళ్ళోకి వెళ్ళి అడిగి, విని, రాసి, నలుగురికి వినిపించే పాఠమని ఆవిడ వివరించారు. అప్పటికే గల్లీలో ఒక మాట తిరుగుతోంది. మా తెలుగు మీడియం ఎత్తేసి, పిల్లలను మూసీ అవతల బడిలో కలిపేస్తారని. ఆ సంగతే మా ప్రాజెక్టు. బడి అవతలికి పోతే మీకేమవుతుందని ఇంటింటికీ వెళ్ళి అడగాలి. రికార్డు చేసిన మాటల్లోంచి ముఖ్యమైనవి ఏరాలి. వాటి మధ్య మన తెలుగులో కలిపే మాటలు రాయాలి. అంతా కలిపి రేడియోలో వచ్చే కార్యక్రమంలా తయారుచేయాలి. త్వరలో పై ఆఫీసు నుంచి ఒక పెద్ద సారు బడి చూడటానికి వస్తారు. ఆయనకు వినిపించాలి.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బడి అయ్యాక టీచరు మాతోపాటు గల్లీ గల్లీ తిరిగేవారు. "అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగకుండ్రి" అని నేర్పారు. మా అమ్మ మిషిన్ చూసి వంటింట్లోకి పారిపోయింది. చివరికి తలుపు చాటు నుంచే మాట్లాడింది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో మాట అందించవద్దని, ఆగితే మనమూ ఆగాలని టీచరు మాకు సైగ చేసేవారు. తెలుగు క్లాసంటే ఎప్పుడు గంట కొడతారా అని చూసే మేము, ఆదివారం కూడా బడి ఉంటే బాగుండు అనుకున్నాం.

నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ అబ్బాను రికార్డు చేయడానికి వెళ్ళిన రోజు దుకాణం ముందు చిన్న గుంపు చేరింది. ఆయన దూది నూగు దులుపుకుని, లోపలికి వెళ్ళి పండుగకు వేసుకునే అంగీ తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. మిషిన్ వైపు కాక కూతురి వైపు చూస్తూ చెప్పారు.

"ఇత్తా దూర్ నక్కో మేడమ్. స్కూల్ యహాఁ రహేతో పఢ్తీ. నైతో క్యా కర్నా, ఘర్‌మేఁ రహ్తీ."

మరునాడు క్లాసులో ఆ మాటలను తెలుగులోకి తేవడం మీద పెద్ద లొల్లి అయింది. అంత దూరం పంపను, బడి ఇక్కడుంటే ఈ బళ్ళో చదువుతుంది, లేకుంటే ఇంట్లోనే ఉంటుంది అని మేం రాశాం. తేలికగానే ఉంది కదా అనుకున్నాం. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"పంపను కాదు టీచర్, పంపలేను అని రాయాలె" అంది. "పంపను అనేటోడైతే ఈద్ అంగీ తొడుక్కొని మిషిన్ ముందట ఎందుకు కూసుంటడు మా అబ్బా?"

 టీచరు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద 'పంపను' కొట్టేసి 'పంపలేను' అని రాశారు. ఒక్క అక్షరం మనిషినే మార్చేస్తుందని నేను నేర్చుకున్నది ఏ వ్యాకరణ పుస్తకంలోనూ కాదు.

ఆ మాటలు తెలుగులో చదవాల్సింది కూడా ఆ అమ్మాయే. తన చదువు గురించి తండ్రి అన్న మాటలను తానే చదివింది. ఎక్కడా తడబడలేదు. అయిపోయాక, "మల్ల చదువుత టీచర్, 'బళ్ళో' అన్నది మంచిగ రాలే" అంది. వచ్చిందమ్మా, గట్లనే ఉండనీ అన్నారు టీచరు. ఆ మాట అంటూ కిటికీ వైపు తిరిగారు. ఆవిడకు ఆ 'ళ' గురించి బాధ అనుకున్నాను నేను.

పెద్ద సారు వచ్చిన రోజు హెడ్మాస్టరు గారు పొద్దున్నే నీళ్ళు చల్లించారు. పిల్లలందరినీ దేవిడీ నడిమి హాల్లో కూర్చోబెట్టారు. వచ్చినాయన దండ వేయించుకుని, కాసేపే ఉంటానని, ఇంకా రెండు బళ్ళు చూడాలని అన్నారు. మా టీచరు లేచి, పిల్లలు ఒకటి తయారుచేశారు సార్, వినిపోండి అన్నారు. ఆయన గడియారం చూసుకుని సరే అన్నారు.

క్యాసెట్ తిరగడం మొదలైంది. మొదట ఆయన నవ్వుతూ విన్నారు. మా అమ్మ గొంతు వచ్చింది, తర్వాత మరికొందరివి వచ్చాయి. పరుపుల దుకాణం వచ్చేసరికి నవ్వు పోయింది. వెనకాల దూది ఏకే విల్లు చప్పుడు, ముందు ఆ తండ్రి గొంతు, ఆ వెంటనే ఆ పిల్ల గొంతు. ఆయన తల దించుకున్నారు. మధ్యలో ఆపమని అనలేదు. చివరి మాట అయిపోయి టేపు ఖాళీగా తిరుగుతున్నా అలాగే కూర్చున్నారు.

"ఎవరిదమ్మా ఈ గొంతు?" అని అడిగారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మస్తు చదివినవ్ బిడ్డా. పెద్దగైనంక ఏమైతవ్?"

"తెల్గు టీచర్ సార్."

హాలంతా చప్పట్లు కొట్టింది. నేను ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా బడి ఎక్కడికీ పోదని ఆ క్షణాన మా ఇద్దరికీ అనుమానమే లేదు.

కాసేపయ్యాక ఖాళీ టీ గ్లాసులు తెమ్మని మమ్మల్నిద్దరినీ హెడ్మాస్టరు గారి గదికి పంపారు. గుమ్మం దగ్గరే ఆగిపోయాం. పెద్ద సారు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెడుతున్నారు. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని సంతకం చేస్తున్నారు.

"నా చేతుల ఏం లేదు సార్" అంటున్నారు పెద్ద సారు. "జూన్ నుంచి అందరు అటే పోవాలె. మీ తెలుగు మేడంకు పోయిన నెలనే చెప్పిన గద, ఆర్డర్ అయిపోయిందని."

మేం గ్లాసులు తీసుకోకుండానే వెనక్కి వచ్చాం. టీచరు హాల్లో ఒంటరిగా టేపు రికార్డరు తీగ చుడుతున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మీకు ముందే ఎర్కనా టీచర్ అని అడిగాను. ఆవిడ తీగ చుట్టడం ఆపి, ఎర్కనే అన్నారు.

"మరెందుకు చేయించిండ్రు మాతోని?"

ఆవిడ మా ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "ఆపుతదని కాదమ్మా. ఆపదని నాకు ఎర్కనే. గని రేపు ఎవ్వరు గూడ మాకు తెల్వకుండె, ఎవ్వరు చెప్పలే అనొద్దు. ఆయన ఇన్నడు. ఇన్నంకనే ఆ కాయితం ఇచ్చిండు. ఇగ మనతోని ఐతది గింతే."

నాకు ఆ జవాబు చాలలేదు. ఆ అమ్మాయి మాత్రం ఎదురు ప్రశ్న వేయలేదు. "మీకు ముందే ఎర్క అని మా అబ్బాకు చెప్పకుండ్రి టీచర్" అంది అంతే. టీచరు కొంగుతో ముఖం కప్పుకున్నారు. పెద్దవాళ్ళు మా ముందు అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి వెంట నేనూ దుకాణం దాకా వెళ్ళాను. వాళ్ళ అబ్బా కుడుతున్న రజాయి పక్కన పెట్టి, సూది దాని మీదే గుచ్చి, లేచి ఎదురొచ్చారు. సాబ్ ఏమన్నారని అడిగారు.

"పూరా సునే అబ్బా" అంది ఆ అమ్మాయి. సారు పూరా విన్నరు అని నా వైపు తిరిగి తెలుగులో కూడా అంది, నన్ను సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను అవునన్నాను. అది అబద్ధం కాదు. ఆయన ముఖం వెలిగిపోయింది. పక్క దుకాణం వాళ్ళను పిలిచి, నా మాట సాబ్ మొత్తం విన్నాడట అని చెప్పుకున్నారు. మిగతా సంగతి ఆ అమ్మాయి ఎప్పుడు చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు తెలియదు.

జూన్‌లో నేను మూసీ అవతల బడికి వెళ్ళాను. మా బాపుకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణం. రోజూ పొద్దున స్కూటర్ మీద వంతెన దాటేవాడు కాబట్టి నన్ను దారిలో దింపేవాడు. ఆ అమ్మాయిని కూడా తీసుకుపోదామని నేను అడిగితే బాపు వెంటనే ఒప్పుకున్నాడు, తానే వెళ్ళి అడిగాడు కూడా. వాళ్ళ అబ్బా చేతులు జోడించి, మీ మంచితనం సేఠ్, గాని పరాయివాళ్ళ బండి మీద పిల్లను పంపలేను అన్నారు. కొన్నాళ్ళు దుకాణంలో అబ్బా పక్కన కూర్చుని దూది సర్దుతూ కనిపించేది. నేను స్కూటర్ మీద వెళుతుంటే చెయ్యి ఊపేది. తర్వాత ఏ ఊరికో పెళ్ళి చేసి పంపారు. మళ్ళీ నేను ఆమెను చూడలేదు. టీచరును ఎక్కడికో బదిలీ చేశారు. ఆవిడనూ చూడలేదు.

టీచరు చేసింది సరైనదో కాదో నేను ఈ వయసుకు కూడా తేల్చుకోలేకపోయాను. ఆ పిల్లకు అంత ఆశ చూపించకుండా ఉండాల్సిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మరోసారి, ఆ గొంతు ఒక్కసారైనా ఒక పెద్ద మనిషిని తల దించుకునేలా చేసింది కదా, అదీ లేకుండా పోయేదేమో అనిపిస్తుంది. ఇప్పుడు నా మనవరాలు ఏడో తరగతి. వాళ్ళ బడిలో భాషా పాఠానికి ట్యాబ్‌లో గొంతులు రికార్డు చేసి, బొమ్మలు కలిపి, ప్రాజెక్టులు పంపిస్తారు. బాగా చేస్తారు, మార్కులు కూడా వేస్తారు. ఎవరు వింటారమ్మా దీన్ని అని అడిగితే, అప్‌లోడ్ చేస్తే చాలు నానమ్మా అంటుంది.

నిరుడు మా వీధిలోని సర్కారు బడిని వేరే బడిలో కలిపేస్తారని తెలిసింది. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు చదివే బడి అది. విద్యాశాఖ ఆఫీసులో చెప్పడానికి నాతో వస్తామన్నవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. అయిపోయిన పనికి ఎందుకమ్మా ఎండలో అన్నారు. వాళ్ళు అన్నది నిజమే, ఆ బడి ఈ ఏడాది తెరవలేదు. అయినా ఆ రోజు నేను ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీలో ఉన్న అబ్బాయి నా కొడుకు వయసువాడు. నేను చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ తలాడించాడు. నేను మాట ఆపేశాను. అతను తలెత్తి నా ముఖం చూసేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.