మరదలింటి ఎలుక

ధాన్యం గోదాములో చిరిగిన గోతాలు కుట్టే ఆవిడను అందరూ దబ్బనమత్త అనేవారు. చేతిలో దబ్బనం ఎంత వాడిగా ఉండేదో, నోరు అంతకు మించి. ఒకరి గుమ్మం తొక్కి ఇది కావాలని అడిగిన మనిషి కాదు. తన గోదాములో ఎలుకన్నది లేదని ఊరంతా టముకు వేసేది. యజమాని నమ్మేవాడు. ఖర్చు లేకపోతే యజమానులు ఏదైనా నమ్ముతారు. ఆ ఘనత అటక మీద కాపురముండే తెల్ల గుడ్లగూబలదని మాత్రం ఆవిడ చెప్పేది కాదు.

ఆ ఏడు వాన పట్టుకుని వదల్లేదు. గుడ్లగూబ రెక్కలు దూదిలాంటివి. తడిస్తే బరువెక్కి వేటకు పోలేదు. అటక మీద నాలుగు పిల్లలు ఆకలికి బుసకొడుతున్నాయి. గోతాలు మోసే తమ్ముడు నిచ్చెనెక్కి చూసి వచ్చాడు.

"చిన్నది నీరసపడిపోయిందక్కా. రేపు కూడా తిండి లేకపోతే పెద్దవి దాన్నే మింగేస్తాయి."

"తోడబుట్టినదాన్నా?"

"ఆకలికి తోడబుట్టడమేంటి? చిన్నప్పుడు నా పళ్లెంలో చెయ్యి పెట్టలేదా నువ్వు?"

"చెయ్యి పెట్టాను గాని నిన్ను మింగలేదుగా. మింగాల్సిందని ఇప్పుడనిపిస్తోంది."

గోదాములో బోను పెట్టింది. ఏమీ పడలేదు. ఉన్న ఎలుకలన్నిటినీ గుడ్లగూబలు ఎప్పుడో ఊడ్చేశాయి. ఎలుకలున్నాయని ఆవిడకు గట్టిగా తెలిసిన ఇల్లు ఒక్కటే, తమ్ముడిది. అక్కడికి వెళ్లి రెండేళ్లయింది. "నీ వంటింట్లో మనుషులకంటే ఎలుకలే ఎక్కువ" అని మరదల్ని నలుగురిలో అన్నది తనే మరి.

గొడుగు వేసుకుని వెళ్లి గుమ్మం బయటే నిలబడింది.

"ఏం వదినా, దారి తప్పారా?" అంది మరదలు.

"ఒక ఎలుక కావాలి."

మరదలు తీరిగ్గా గుమ్మానికి ఆనుకుంది. "మా ఇంట్లో ఎలుకలా? మీరెప్పుడైనా చూశారా?"

నోటిదాకా వచ్చిన మాటను దబ్బనమత్త మింగడం అదే మొదలు. "చూడలేదు. కళ్లు కనపడక అన్నాను."

"నలుగురిలో అన్నారు."

"ఆ నలుగురినీ పిలిచి లేవని చెబుతాను. ముందు ఒకటివ్వు."

అంతలో వంటింట్లో బోను టప్పుమని పడింది. ఇద్దరూ బుద్ధిగా వానను చూశారు.

"అది మీ గోదాము నుంచే వచ్చుంటుంది," అంది మరదలు.

"వచ్చుంటుంది. మా సరుకు మాకిచ్చేయ్."

మరదలు చేతికివ్వలేదు, తనే గోదాముకు తెచ్చింది. నిచ్చెనా తనే ఎక్కింది. పెద్ద పిల్లల్ని చీపురుతో అదిలించి, బోనులో చచ్చిన చిట్టెలుకను చిన్నదాని ముందు పెట్టింది. నోట్లోంచి తోక వేలాడుతుండగానే అది ఇంకోటి కావాలన్నట్టు బుసకొట్టింది.

"మరి రేపటికో?" కిందనుంచి అడిగింది దబ్బనమత్త.

"మా ఇంట్లో ఎలుకల్లేవు వదినా," అంది మరదలు పైనుంచి. "పొద్దున్నే రెండు తెస్తాను."