ఒంటి మనిషికి అంత వసారా ఎందుకు

మొన్న శుక్రవారం పొద్దున్నే పులివెందుల నుంచి మా మేనత్త కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది బావా" అని ఏడ్చింది. నేను ఏదో అనబోయేలోగా ముక్కు చీదుకుని, "వసారా ఊడిపించి పెట్టు. మధ్యాన్నానికంతా ఆసుపత్రి నుంచి ప్రొద్దుటూరికే తెస్తాండాం" అంది. మొదటి మాటకు దుఃఖం వచ్చింది. రెండో మాటకు తల వంగింది. ఆ వసారా మాట ఎత్తితే నా తల ఎందుకు వంగుతుందో చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆమె మా నాయనకు చెల్లెలు. నాది ప్రొద్దుటూరులో షామియానాల దుకాణం. పెండ్లికైనా చావుకైనా గుడ్డ ఒకటే, కుచ్చులే తేడా. పదో తరగతి దగ్గర చదువు నన్ను వదిలించుకుంది. నా నోరు మాత్రం పైచదువులకు పోయింది. మా వీధుల్లో నా చేతిలో ఒకసారైనా వెర్రివాడు కానివాడు లేడు. అందుకని ఈ రాత కింద నా పేరు చూసి నవ్వుకోవడానికి సిద్ధపడే వాళ్ళుంటారు. నవ్వూ ఉంది ఇందులో. నా బాధంతా దానితోనే.

అత్త ఇల్లు జమ్మలమడుగు అవతల, ఇప్పుడు రిజర్వాయరు నీళ్ళ కింద ఉన్న ఊళ్ళో ఉండేది. నల్లరాతి గోడలు, టేకు కంబాలు, పైన మట్టి మిద్దె. ఎవరు కట్టారో చెప్పగలిగినవాళ్ళంతా ఎప్పుడో పోయారు. కరువు వచ్చిన ఏళ్ళలో ఊరికంతా గంజి కాచి పోసింది ఆ ఇంటి నడవలోనేనట. నడవలో ప్రతి కంబానికీ కూర్చున్న మనిషి వీపు ఆనేంత ఎత్తున ఒక నునుపు ఉండేది. తరాల తరబడి ఆనుకున్న వీపులు తేల్చిన నునుపు. అత్త పొద్దున్నే కసువు ఊడుస్తూ ఒక్కో కంబాన్నీ వేలి కణుపులతో తట్టేది, పిల్లల్ని నిద్ర లేపినట్టు. కంబాలకు పేర్లు కూడా ఉండేవి. వాకిలి దగ్గరిది మా తాత కంబం. దాని ఎదురుగా సాయిబు మామ కంబం. పక్కింటాయన, సాయంత్రం అక్కడ కూర్చోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. వంటింటి వైపుది "వదిన కంబం". ఆ వదిన మా అమ్మ. ఆ ఊరికి పోయినప్పుడల్లా దానికి ఆనుకునే చెనిక్కాయలు ఒలిచేది.

మా అమ్మ పోయినప్పుడు మేము ప్రొద్దుటూరులో బాడుగ ఇంట్లో ఉన్నాం. ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి ఇంటాయన గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు. అమ్మ జబ్బు పడితే పండ్లు తెచ్చిచ్చిన మనిషే.

"తప్పుగా అనుకోగాకప్పా. పాప పెండ్లి పెట్టుకున్యాం. లోపలికి మాత్రం వద్దు. ఈడ్నే, వీధిలో..." అన్నాడు.

బాడుగ ఇంటి గడప శవం దాటకూడదన్నది మా పక్క ఎవరూ నోటితో చెప్పని షరతు. నాకు ఇంకా బాగా తెలుసు. అలాంటి ఇళ్ళ ముందు వీధిలో గుడ్డ కట్టేవాణ్ణి నేనే కదా. ఆ రోజు దుకాణంలో మిగిలి ఉన్నది ఒక్క పెండ్లి షామియానా. గులాబీరంగు కుచ్చులు, అంచున మెరిసే అక్షరాల్లో 'సుస్వాగతం'. దాని కిందే అమ్మను మంచం మీద పడుకోబెట్టాం.

మధ్యాహ్నం వీధిలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, అమ్మకు దండం పెట్టి, "అన్నా, మంచం కొంచెం జరపల్ల. వెనక్కి తిప్పుకునే తావు ల్యా" అన్నాడు. తలవైపు నేను, కాళ్ళవైపు అత్త పట్టుకుని మంచాన్ని మురుగు కాలువ అంచుకు జరిపాం. ట్యాంకర్ నీళ్ళు చిందించుకుంటూ పోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. "మాయమ్మ బతికినన్నాళ్ళు ఎవరికీ అడ్డం రాల్యా. ఈ పొద్దు ఏకంగా వీధికే అడ్డమొచ్చె" అన్నాను. జనం నవ్వారు. నవ్వించకపోతే అక్కడ నిలబడగలిగేవాణ్ణి కాదు. అత్త నవ్వలేదు. దుప్పటి మీద పడిన నీళ్ళను కొంగుతో అద్దింది.

పోనుపోను ఆ రోజు నా నోట్లో ఒక కతగా మారింది. 'ఒక ముసలమ్మ ఉండె' అని మొదలుపెట్టి టీ అంగట్లో చెప్పేవాణ్ణి. ఇంటాయన గొంతు, డ్రైవరు గొంతు, అన్నీ నేనే. తాగే టీ పొలమారేది జనానికి.

తర్వాత కొన్నాళ్ళకు అత్త వాళ్ళ ఊరు మునుగుతుందని ఖాళీ చేయమన్నారు. పరిహారం తీసుకుని తలా ఒక దిక్కు పోయారు. ఎక్కువమంది చేరింది ప్రొద్దుటూరు బాడుగ ఇళ్ళకే. అత్త మాత్రం ఇల్లు విప్పి తీసుకుపోతానని కూర్చుంది. ప్రొద్దుటూరు శివార్లలో ఆమెకు ఖాళీ స్థలం ఉంది. ఆ ఇల్లు పాత కట్టడాల్లో చేరింది కాబట్టి కదిలించాలంటే ఒక కమిటీ వచ్చి చూసి ఒప్పుకోవాలి. నీళ్ళపాలు కాకుండా నిలబడితే వాళ్ళకూ సంతోషమే. చిక్కంతా అత్త ఇంకో కోరిక కోరడంతో వచ్చింది. కొత్త చోట ఇంటిని ఆనుకుని, వీధివైపు తెరిచి ఉండే పెద్ద వసారా ఒకటి కలిపి కడతానంది.

మొగుడు ఎప్పుడో పోయాడు. కూతురు పులివెందులలో కాపురం. ఇంత పాత నడవ చాలదని ఇంకో వసారా కూడానా అని అందరూ నవ్వారు. నేను దానికి 'అత్త పెండ్లి పందిరి' అని పేరు పెట్టాను. జమ్మలమడుగు బస్టాండులో ఆమె ఊరివాళ్ళు కనిపిస్తే, "మా అత్తకు వరుణ్ణి చూడండప్పా, పండ్లుంటే చాలు" అని కేక వేసేవాణ్ణి. ఆ మాట ఆమె దాకా పోయింది. "కూయనీలే. వాని నోటికి పని లేకుంటే తుప్పు పడతాది" అందట.

కమిటీ పాత ఇంటికే వచ్చింది. ఆ రోజు అత్తకు తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. ఒక రిటైరైన ఇంజినీరు, చరిత్ర చెప్పే లెక్చరరు, ఒక ఆఫీసరమ్మ. అత్త అందరికీ మజ్జిగ ఇచ్చింది. లెక్చరరు కంబాల నునుపును చేత్తో తడిమి మురిసిపోయాడు. వసారా పటం చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టించడానికి వచ్చాం తల్లీ. కొత్తది అతికిస్తే దీని రూపం చెడిపోతుంది" అన్నాడు.

"అయినా ఒంటి మనిషివి. అంత వసారా ఎందుకమ్మా?" అని ఇంజినీరు అందుకున్నాడు.

"నాకు కాదు సార్. మా ఊరోళ్ళకు" అంది అత్త.

"వాళ్ళకు ఇళ్ళున్నాయి కదా?"

"ఉండాయి. బాడుగవి. బతికుండేదానికి బాగుంటాయి. మనిషి పోతే లోపలికి రానియ్యరు సార్. వీధిలో పెట్టుకోవల్ల."

వసారా ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. బస్టాండులో నేను వేసిన కేకలన్నీ ఒక్కసారి నా చెవులకే వినిపించాయి.

లెక్చరరు కళ్ళజోడు తీశాడు. "ఈ రోజుల్లో అట్లా ఎవరు చేస్తారమ్మా? నిజంగా అవసరమని మేము పైకి చెప్పాలంటే, అట్లా జరిగినవాళ్ళు ఎవరో ఒకరు మాకు చెప్పాలి."

"జరిగినాది సార్. ఎవరికని నేను చెప్పను. అది నా కత కాదు."

అత్త నావైపు చూడలేదు. చేతిలో చెంబునే చూస్తూ కూర్చుంది. 'వీళ్ళమ్మకే' అని నన్ను చూపిస్తే పని అయిపోయేది. వసారా చేజారినా సరే, పరాయివాళ్ళ ముందు నా పరువు తీయకూడదనుకుంది ఆమె.

"నేను చెప్తా సార్" అని లేచాను. లేచినంతవరకూ బాగానే ఉంది. ఆ సంగతిని చెప్పడం నాకు ఒకే తీరున వచ్చు. 'ఒక ముసలమ్మ ఉండె సార్' అని మొదలుపెట్టాను. ఇంటాయన నసుగుడు దించాను. గులాబీ కుచ్చులు, సుస్వాగతం చెప్పాను. డ్రైవరు చెప్పులు విడిచి దండం పెట్టడం చేసి చూపించాను. ఇంజినీరు తొడ చరుచుకుని నవ్వాడు. లెక్చరరుకు మజ్జిగ పొలమారింది. ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంటూ, "పాపం, ఎవరయ్యా ఆ ముసలమ్మ?" అనడిగింది.

"మాయమ్మే మేడం" అన్నాను.

ఇంజినీరు చెయ్యి తొడమీదే ఉండిపోయింది. ఎవరూ నా మొహం చూడలేదు. వాళ్ళు సిగ్గుపడాల్సిన పనేముంది? కితకితలు పెట్టింది నేను. వదిన కంబం నాకు చెయ్యి చాపేంత దూరంలో ఉంది. అటు తిరగలేకపోయాను.

వసారాకు ఒప్పుకున్నారు. పాత మిద్దె కంటే ఎత్తు తగ్గాలన్నారు. కంబాలకు చెక్కడాలు ఉండకూడదు, ఏది పాతదో ఏది కొత్తదో చూసినవాళ్ళకు తెలిసిపోవాలన్నారు. "సచ్చినోళ్ళకు చెక్కడాలెందుకు సార్, నీడ చాలు" అంది అత్త.

నా ట్రాలీ ఆటోలోనే ఆమెను ప్రొద్దుటూరు తీసుకొచ్చాను. జమ్మలమడుగు దాటేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

"పని అయింది కదత్తా? ఇంగేంది ఆ మూతి?" అన్నాను.

"అయింది. మా వదినను నవ్వులపాలు చేసి తెచ్చినావు వసారాను" అంది. ఇంకొంత దూరం పోయాక, చెయ్యి నా భుజం మీద వేసింది. "ఆ కత ఇంగ యాడా చెప్పగాకు అల్లుడా. వసారా నిలబడినాంక దాంతో పని ల్యా."

కళ్ళల్లో దుమ్ము పడిందని బండి ఆపాను. ముందు అద్దమున్న బండిలో దుమ్మెట్లా పడిందిరా అని ఆమె అడగలేదు.

ఇల్లు విప్పే రోజుల్లో నా బుద్ధి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. గింజలు దాచే పాతరలో దూరి "నన్ను లేపగాకండి..." అని మూలిగితే బేల్దార్లు పలుగులు పారేసి పరిగెత్తారు. అత్త చీపురు పట్టుకుని పాతర అంచుకు వచ్చి, "రా దయ్యమా, కాఫీ తాగి పోయి మళ్ళీ పండుకో" అంది.

వాకిలి చట్రాన్ని మాత్రం పడుకోబెట్టి తీసుకుపోనివ్వలేదు. "వాకిలి పండుకుంటే ఇల్లు సచ్చినట్టే" అని పసుపు పూసి, బొట్లు పెట్టి, ట్రాక్టరులో నిలువుగా ఎత్తించింది. దారి పొడవునా మనుషులు పట్టుకుని నిలబడ్డారు. జమ్మలమడుగు బజారులో నేను ఆ చట్రం మధ్యన నిలబడి, దారిన పోయేవాళ్ళకు చేతులు జోడించి, "రండప్పా, లోపలికి రండి, భోంచేసి పోదురు" అని పిలిచాను. బజారంతా నవ్వు. అత్త ట్రాక్టరు డ్రైవరు పక్కనుంచి, "పిలువురా, బాగా పిలువు. పిలిచినోళ్ళంతా వస్తారు ఒకనాడు" అంది. నేను అదీ పరాచికమే అనుకున్నాను.

వసారా నిలబడ్డాక మొదట వచ్చింది సాయిబు మామ. ఆయనా బాడుగ ఇంట్లోనే పోయాడు. కొడుకులు వసారా ముందు తటపటాయిస్తుంటే అత్త చాప పరిచి, "మీ నాయన తావు ఇదే కదరా, తీసుకరాండి" అంది. ఆ తర్వాత ఆ ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. ఎవరొచ్చినా అత్త అడిగేది ఒక్కటే: "మనిషి మీద ఎండ పడతాందా?" పడుతుంటే మంచం జరిపించేది, నీడలోకి.

పోయిన నెలలో, జబ్బుపడి కూతురి దగ్గరున్న అత్తను చూడను పులివెందులకు పోతే, లేవలేని మనిషి నా చెయ్యి పట్టుకుంది. "నన్నూ వసారాలోనే పెట్టండిరా. లోపల మిద్దెలో పెడితే, రేపు వచ్చేటోళ్ళకు వసారా బయటోళ్ళ తావు అనిపిస్తాది" అంది.

అట్లాగే పెట్టాం. అలవాటు కొద్దీ నేను షామియానా బండిలో వేసుకుని పోయాను. అత్త కూతురు చూసి, "గుడ్డ ఎందుకు బావా? అమ్మ నీడ కట్టించే పోయింది కదా" అంది. విప్పకుండా బండిలోనే వదిలేశాను. మునిగిన ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. బరువు దించుకుందామనేమో, ఎవరో నా మోచేయి తట్టి, "ఆ ట్యాంకర్ కత చెప్పు మామా" అన్నాడు. "మర్చిపోయినాలేప్పా" అన్నాను. ఆమె చెప్పొద్దన్నాక నోటితో మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. ఇక్కడ రాసినందుకు తిడుతుంది. పడతాను.

పొద్దు వాలుతుండగా వీధి మలుపులో హారన్ వినిపించింది. నీళ్ళ ట్యాంకర్. నాకు తెలియకుండానే లేచాను. వంగి మంచం కోడు పట్టుకున్నాను కూడా. కాళ్ళవైపు ఎవరూ లేవలేదు. లేవాల్సిన పని లేదు. మంచం వసారాలో ఉంది, వీధి ఖాళీగా ఉంది. డ్రైవరు బండి నెమ్మది చేసి, లోపలికి చూసి, స్టీరింగు మీదనుంచే దండం పెట్టుకుని సాగిపోయాడు.

కోడు వదిలి కూర్చున్నాను. ట్యాంకర్ వెనక కారిన నీళ్ళు వీధి మధ్యన సన్నటి గీతలా పడి, వసారా ముందునుంచి మలుపు దాకా సాగి, ఎండకు ఒక్కో చోటే ఆరుతూ ఉన్నాయి.