మెరిసే చక్రాలు, సోనామసూరి మూటలు

ఆ రోజుల్లో నాకు సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువ, వాటిని చెవిన పెట్టే అలవాటు తక్కువ. పెళ్ళైన కొత్త. ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో కాపురం పెట్టి, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, ఎప్పటినుంచో మనసుపడ్డ పికప్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. (ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగానికి పికప్ ఎందుకని ఎవరైనా అడిగితే, మా తెలుగు చర్చివాళ్ళందరికీ ఎక్కడో దూరాన క్లాండాల్కిన్‌లో ఉన్న ఇండియన్ కొట్టు నుంచి బియ్యం తేవడానికని చెప్పేవాణ్ణి.) దాని టైర్లు అరిగిపోయాయి, కొత్తవి వేయించాలి. మా ఆవిడ కేరర్, అంటే ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళని చూసుకునే ఉద్యోగం. కొండమీద ఒంటరిగా ఉండే ఒక ఐరిష్ ముసలావిడ ఇంటికి రోజూ పొద్దున్నే వెళ్ళి, ఇల్లు వెచ్చబడేందుకు పొయ్యి వెలిగించి, మాత్రలిచ్చి, టిఫిన్ పెట్టి రావాలి. ఆవిణ్ణి మేం కొండ మామ్మ అనేవాళ్ళం. చలికాలమంతా ఆ దారిలో అయితే బురద, కాకపోతే మంచు.

వాటర్‌ఫోర్డ్‌లో మాకొక అంకుల్ ఉన్నాడు. (చుట్టం కాదు, మాకంటే ముందొచ్చినవాడు, అంతే.) ఆయన ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "టైరు పక్కన కొండ బొమ్మ, అందులో మంచుపువ్వు ఉంటుంది చూడు, అది మంచులో నడిచే టైరు, అదే తీసుకో. సన్నగా ఉండాలి, గాట్లు లోతుగా ఉండాలి. వెడల్పాటి వాటి జోలికి పోకు, అవి షోకుకే." నేను "అలాగే అంకుల్" అన్నాను. అని, నిగనిగలాడే అల్లాయ్ చక్రాలూ, వాటికి చాపంత వెడల్పు టైర్లూ బిగించుకొచ్చాను. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డవాడు పడడు, బండీ అంతేనని నా సిద్ధాంతం. పాస్టర్‌గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "గాట్లేవండీ?" అంది.

"లోపలుంటాయి" అన్నాను.

జనవరిలో ఒక పొద్దున లేచేసరికి ఊరంతా తెల్లగా ఉంది. వెళ్ళగలిగితేనే వెళ్ళమని కేర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మా ఆవిడ అప్పటికే కోటు తొడుక్కుంది. "పొయ్యి వెలగకపోతే ఆవిడ మంచం దిగదండీ. చలికి ఏమైపోతుందో" అంది. నేను మీసం మెలేసి (మీసం లేదు, ఉందనుకోండి) బండి తీశాను. మా వీధి చివర చిన్న ఎత్తుంది. అక్కడే కథ అడ్డం తిరిగింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే తోక ఊపుతోంది. కుక్కని తిప్పుతున్న పక్కింటాయన ఆగి, "లవ్లీ వీల్స్" అని మెచ్చుకుని వెళ్ళాడు.

మా ఆవిడ కిందికి దిగి వెనకవైపు చూసింది. "ఖాళీగా ఉందండీ, బరువుంటేగా నేలని పట్టుకునేది. గ్యారేజీలో బియ్యం ఉన్నాయిగా."

"అవి చర్చివాళ్ళవి."

"మనం తినట్లేదుగా. తీసుకెళ్ళి తీసుకొస్తాం."

సోనామసూరి మూటలన్నీ మోసుకొచ్చి, వెనక చక్రాలమీద బరువు పడేలా పేర్చి, టార్పాలిన్ కప్పాం. బండి ఒక మూలుగు మూలిగి కదిలింది. కొండదారిలో అక్కడక్కడా జారుతూ, నడకకన్నా మెల్లగా, నా సిద్ధాంతాన్ని నేనే దిగమింగుకుంటూ పైకి చేరాను.

మామ్మ దుప్పట్లో ముడుచుకుని ఉంది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నాకు నిజంగా భయం వేసింది. మా ఆవిడ పొయ్యి వెలిగించి, వేడి టీ తాగించి, మెల్లగా కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. బయట గాలికి టార్పాలిన్ లేచిపోయి మూటలన్నీ కనపడుతున్నాయి. మామ్మ వాటివైపు చాలాసేపు చూసి, "ఇంత సరుకు తెచ్చారు, ఇక్కడే ఉండిపోతారా?" అని అడిగింది. మేమిద్దరం పడీపడీ నవ్వాం. "గ్రాండ్, పైగది ఖాళీగానే ఉంది" అంది మామ్మ. (గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ భాషలో 'సరే, మంచిది' అని.)

ఆ వారంలోనే టైర్లు మార్చాను. మామ్మ పోయి చాలాకాలమైంది. మెరిసే చక్రాలు చూసుకుని మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడ వేళాకోళానికి అడగలేదని వాడికి తెలియలేదు పాపం. ఇప్పటి నేనైతే ఒక మూట విప్పి, అన్నం వండి, ఆ పూటకైనా అక్కడే ఉండేవాణ్ణి. చర్చివాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.