శాలినీ మేడం హుకుం

మోకాళ్ళ నొప్పికి మా కోడలు కొత్తగా వేడినీళ్ళ రబ్బరు సంచి తెచ్చింది. మూత తిప్పగానే రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. నీళ్ళు పోయకుండా దాన్ని అలాగే పట్టుకొని కాసేపు కూర్చున్నాను. నాందేడ్‌లో నేను సిస్టర్‌గా పనిచేసిన ఆసుపత్రి క్యాజువాలిటీలో, ఊపిరి ఆగిపోయిన మనిషి ముఖానికి మాస్కు పెట్టి చేత్తో పిసికే సంచి ఒకటి ఉండేది. దాన్ని అంబు అనేవాళ్ళం. ఎండాకాలంలో దానిది సరిగ్గా ఇదే వాసన. ఈ వాసన తగిలితే నాకు శాలినీ మేడం గొంతు వినిపిస్తుంది. ఆ వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

శాలినీ మేడం మా క్యాజువాలిటీకి పెద్ద డాక్టరు. ఇంటి భాష మరాఠీ. తెలంగాణను ఆనుకొని ఉన్న బిలోలీలో పెరిగింది కాబట్టి తెలుగు వచ్చు, తిట్టడానికి ఇంకా బాగా వచ్చు. ఒకసారి ట్రేలో కత్తెర ఉండవలసిన చోట లేదని ట్రే మొత్తం నేల మీదికి నెట్టేసింది. ఆ తప్పు నాది కాదని తర్వాత తెలిసినా క్షమించమని అడగలేదు. లెక్కల పట్టింపు, తేదీల పట్టింపు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. దూది కట్టలు, సూదులు, దుప్పట్లు ఎన్ని ఉన్నాయంటే చూడకుండా చెప్పేదాన్ని. ఒకరోజు అలాగే చెబుతుంటే మధ్యలో ఆపింది.

"దూది లెక్క మంచిగనే చెప్తవ్ సుగుణా. ఇయ్యాల ఈ హాల్ల చేతులెన్ని ఉన్నయో చెప్పు."

"మనయి మూడు జతలు మేడం."

"తలుపు కాడ ఇద్దరు నిలవడ్డరు గద. వాళ్ళయి చేతులు కావా?"

తలుపు దగ్గర నిలబడింది అంబులెన్స్ పారామెడిక్‌లు. వాళ్ళ సంగతి చూడనివాళ్ళకు చెబితే నమ్మరు. దెబ్బ తగిలిన మనిషికి రోడ్డు మీద సెలైన్ ఎక్కించేది, నెత్తురు ఆపేది, ఊపిరి పోసేది వాళ్ళే. అందుకు శిక్షణ పొందినవాళ్ళు. కాని మా తలుపు దాటగానే చెయ్యి తీసేయాలి. లోపల మా వాళ్ళు తప్ప ఎవరూ రోగిని తాకకూడదని నియమం. పోనీ వెళ్ళిపోదామంటే మా దగ్గర ఖాళీ మంచం ఉండదు, రోగి వాళ్ళ స్ట్రెచర్ మీదే ఉంటాడు. ఆ స్ట్రెచర్ తిరిగి చేతికి వచ్చేదాకా వాళ్ళు గోడకు ఆనుకొని నిలబడేవాళ్ళు. అంతసేపు తాము బతికించి తెచ్చిన మనిషి మూలుగుతుంటే చూస్తూ ఉండడమే వాళ్ళ పని.

ఆ రోజునుంచి మేడం వాళ్ళను లోపలికి పిలవడం మొదలుపెట్టింది. మా సిస్టర్లలో మీరా ఒప్పుకోలేదు.

"రేపు వీళ్ళు ఉన్నరు గదా అని మా పోస్టులు తీసేస్తరు మేడం."

"తీసేస్తే నీతోని నేను గూడ రోడ్డు మీద కూసుంట. ఇప్పుడైతే ఆ కట్టు పట్టుకో."

మీరా భయం తప్పు కాదని మేడంకు తెలుసు. నాతో విడిగా అంది: "పని ఇచ్చినోళ్ళు జిమ్మేదారి గూడ తీసుకోవాలె సుగుణా. లేకుంటే గిది ఉత్త దోపిడి." అందుకే, బాధ్యత తనదేనని తెలిసేలా, తలుపులోకి వచ్చే ప్రతి పారామెడిక్‌తోనూ ఒకే మాట అనేది: "చెయ్యి నీది, జిమ్మేదారి నాది. ఇది నా హుకుం." రోజూ వినీ వినీ మా వార్డుబాయిలు ఆవిడ వెనకాల ఆ గొంతుతోనే అని నవ్వుకునేవాళ్ళు.

వాళ్ళలో గంగాధర్‌ది కుండల్‌వాడి. నన్ను అక్కా అని పిలిచేవాడు. పని బాగా చేసేవాడు, గొప్పలు ఇంకా బాగా చెప్పేవాడు. "నేను లేకుంటే ఈ దవాఖాన నడుస్తదా అక్కా?" అనేవాడు. "నువ్వు లేనప్పుడు ప్రశాంతంగ నడుస్తది" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాయ్‌గావ్ రోడ్డు మీద, కలుపు తీయడానికి కూలివాళ్ళను తీసుకుపోతున్న జీపు బోల్తా పడింది. అది రాత్రి జరిగిందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. కాదు, పగలే. ఉన్న మంచాలన్నీ నిండాయి. మేడం లోపలి గదిలో ఒకతని పొట్టలో నెత్తురు ఆపే పనిలో ఉంది. నేను ఇంకొకరి తొడ మీద రెండు చేతులతో కట్టు అదిమిపట్టి ఉన్నాను. అప్పుడే గంగాధర్ బాబ్లీకి చెందిన ఒక ఆడమనిషిని తెచ్చాడు. తలుపు దాటుతుండగానే ఆమె ఊపిరి ఆగింది. గంగాధర్ ఎవరినీ అడగలేదు. గోడకున్న అంబు లాగి, మాస్కు ఆమె ముఖానికి అదిమి, పిసకడం మొదలుపెట్టాడు.

జేబులో ఫోను మోగింది. వార్డుబాయి తీసి అతని చెవి దగ్గర పెట్టాడు. అవతల అంబులెన్స్ కంట్రాక్టరు సూపర్‌వైజరు. అతని అరుపు నాకూ వినిపించింది.

"ఇంకో కేసు ఉన్నది. అంబులెన్స్ గాడి తియ్యి!"

"చెయ్యి ఖాళీ లేదు సార్."

"లోపల నీకేం పని? నీ డ్యూటీ తలుపు దాకనే!"

"చెయ్యి తీస్తే ఈమె పోతది సార్. వేరే గాడి పంపుండ్రి."

ఆమె పెనిమిటి నా పక్కకు వచ్చాడు. "అమ్మా, పానం ఉన్నదా?"

"ఉన్నది. ఆయన పిసుకుతున్నంతసేపు ఉంటది. నువ్వు ఆయనకు అడ్డం పోకు."

ఆ రెండో కేసుకు వేరే బండి వెళ్ళింది, ఆ రోగీ క్షేమంగా చేరాడు. ఊరికే నమ్మలేదు, నేనే వెళ్ళి విచారించాను. బాబ్లీ ఆవిడ బతికింది. తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే గంగాధర్‌కు నోటీసు వచ్చింది. బండి వదిలేశాడని, అధికారం లేకుండా ఆసుపత్రి లోపల వైద్యం చేశాడని. ఆసుపత్రి నడిపే పెద్ద సాహెబ్ గదిలో విచారణ పెట్టారు. లోపల పనిచెయ్యమని ఆసుపత్రివాళ్ళే చెప్పినట్టు తేలితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పోతుంది. గంగాధర్ గొప్పలన్నీ ఆ రోజు ఎటు పోయాయో, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆ రోజు మేడం నీకు హుకుం ఇచ్చిందా?" అని అడిగాడు సాహెబ్.

"ఆ రోజు... ఆమె లోపల ఉండె సార్."

మేడం బల్ల మీద చెయ్యి చరిచింది. "ఇచ్చిన. ఒక్కసారి ఇస్తే నేను వాపస్ తీసుకునేదాక ఉంటది. మీరు కుర్చీల కూసోనీకె దినాం కొత్త హుకుం తెచ్చుకుంటున్నరా?"

సాహెబ్ నా వైపు తిరిగాడు. "సిస్టర్, మీరు పక్కా మనిషి. ఆ రోజు హుకుం ఇచ్చింది విన్నరా?"

"రోజూ విన్న సార్. ఆ రోజు వినలే. ఆ రోజు ఆమెకు నోరు తెరిచే తీరిక లేకుండె."

నేను చెప్పింది మూడు మాటలు. కాగితం మీదికి ఎక్కింది మధ్య మాట ఒక్కటే. గుమాస్తా చదివి వినిపించినప్పుడు, లేచి నిలబడి మిగతా రెండూ రాయమన్నాను. "అడిగినదానికి జవాబు వచ్చింది" అన్నాడు సాహెబ్, కలం మూత పెడుతూ. కూర్చున్నాను. ఒక మనిషి అన్నం ముద్ద అంత తేలికగా తీసేయవచ్చని ఆ గదిలో చూశాను. గంగాధర్‌ను తీసేశారు. మేడంను రోగి కనిపించని చోటికి, మందుల గోదాముకు బదిలీ చేశారు.

వెళ్ళేముందు ఆవిడ వరండాలో నన్ను ఆపింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను.

"అబద్ధం చెప్పలేదు నువ్వు, మంచిగనే చేసినవ్. కాని వాళ్ళు వద్దనంగనే కూసున్నవ్. ఇగ కూసోకు. నీ మాట మొత్తం రాసేదాక నిలవడే ఉండు."

మేడం పోయి చాలా కాలమైంది. సంతాప సభలో అందరూ ఆవిడను దయామూర్తి అన్నారు. దయ సంగతి నాకు తెలియదు. తన మాట మీద పనిచేసినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టలేదు, అదీ నాకు తెలిసింది. గంగాధర్ ఊళ్ళో మందుల దుకాణంలో కూర్చుంటున్నాడు. నన్ను చూస్తే ఇప్పటికీ లేచి నిలబడతాడు. ఆ మర్యాద నాకు తేలు కుట్టినట్టు ఉంటుంది. కోపం కలం మూత పెట్టినవాళ్ళ మీద, అంతకన్నా ఆ రోజు కూర్చున్న నా మీద.

ఇప్పుడు అదే క్యాజువాలిటీలో లోపలి పనికి పారామెడిక్‌లను పెట్టారు. పూలదండలు, ఫొటోలు, ఉపన్యాసాలు అయ్యాయి. అప్పుడు నేరమైన పని ఇప్పుడు పథకమైంది. జీతమిచ్చేది కంట్రాక్టరే. రిటైరైన సిస్టర్ల చోట్లు ఖాళీగానే ఉన్నాయి, మీరా భయపడినట్టే. పాత మనిషినని నన్నూ ఆ ప్రారంభ సభకు పిలిచారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే లేచాను. "వీళ్ళు లోపల చేసిన పనికి జిమ్మేదార్ ఎవరు? పేరు చెప్పుండ్రి, రాసి పెట్టుండ్రి" అన్నాను. "ఆజీ, ముందు చహా తాగుండ్రి" అన్నాడు వేదిక మీది అధికారి ఒకడు, అవ్వను బుజ్జగిస్తున్నట్టు నవ్వుతూ.

ఆ టీ తాగలేదు. ఆ తర్వాతి సోమవారం అతని ఆఫీసుకు వెళ్ళి అదే ప్రశ్న అడిగాను. చూస్తామన్నాడు. ఇప్పుడు ప్రతి సోమవారం వెళ్తున్నాను. పేరు ఇంకా చెప్పలేదు. నేను కనిపించగానే ప్యూను పాపం పరుగున వచ్చి కుర్చీ వేస్తాడు.

కూర్చోను.