పిన్ని చాందినీ, నా డ్రోను

మా పిన్నికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. టీవీ చూస్తున్నా చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. ఆ వీధిలో ప్రతివాళ్ళ కొలతలూ ఆవిడకు కంఠతా వచ్చు. మనిషి ఎదురైతే ముందు చూసేది మొహం కాదు, భుజాలు. "లావయ్యావే" అని మొహం మీదే అనేస్తుంది. ఆ మాట ఇంకెవరైనా అంటే పెద్ద గొడవైపోతుంది. పిన్ని అంటే మాత్రం నవ్వేసి, కొలతలు తీసుకోమని చేతులు చాపి నిలబడతారు.

నేను పెళ్ళిళ్ళలో డ్రోను ఎగరేసి వీడియో తీస్తాను. కాబట్టి పిన్ని కూతురికి పెళ్ళి కుదరగానే నా పని ఎవరూ అడగకుండానే ఖాయమైపోయింది. చెల్లి కోరిక ఒక్కటే. ఉంగరాలు మార్చుకునేటప్పుడు సరిగ్గా నడినెత్తి మీద నుంచి తీయాలి. చుట్టూ జనం, మధ్యలో వాళ్ళిద్దరూ, ఆ తర్వాత కెమెరా అలా పైపైకి పోవాలి. "అంతే అక్కా, ఇంకేం అడగను" అంది. ఇంకేం అడగనన్నవాళ్ళే అన్నిటికన్నా పెద్ద పని చెబుతారని ఈ వృత్తిలో నాకు తెలిసొచ్చింది.

పెళ్ళి జరిగేది ఒక ఫంక్షన్ హాలు వెనక ఆరుబయట. ముందుగానే వెళ్ళి చూసుకున్నాను. ఎడమ పక్క కరెంటు తీగలు, కుడి పక్క ఎత్తైన మేడ, మధ్యలో కావలసినంత ఆకాశం. గాలి ఎటు వీస్తోంది, జనం తలల మీదుగా పోకుండా ఎటు నుంచి తిప్పాలి, నేనెక్కడ నిలబడాలి, అన్నీ లెక్క చూసుకుని ఒకసారి ఎగరేసి దింపాను. ఇంత సాఫీగా సాగినప్పుడే నేను అనుమానించాల్సింది.

దింపి రెక్కలు ఆగాయో లేదో, పిన్ని వచ్చింది. వెనకాలే బాబాయి రొప్పుతూ ఒక పెద్ద మూట మోసుకొచ్చాడు.

"ఇది వేదిక మీద కట్టించాలే," అంది పిన్ని.

విప్పి పరిస్తే చాందినీ. వేదిక మీద నీడకు కట్టే గుడ్డ. అరచేతంత ముక్కలు, గళ్ళవీ చారలవీ పువ్వులవీ, లెక్కపెట్టలేనన్ని, అన్నీ అతికి కుట్టింది. దుకాణంలో మిగిలిన పీలికలట. కూతురికి కూడా చెప్పకుండా నెలల తరబడి కుట్టిందట. చాలా బాగుంది.

"పిన్నీ, ఇది కడితే చెల్లి కనపడదు."

"ఎందుకు కనపడదు? ఎదురుగా కూర్చున్న అందరికీ కనపడుతుంది."

"నాకు కనపడదు. నేను తీసేది పై నుంచి."

"నిన్నెవరు పైకెక్కమన్నారు?"

చివరికి చెల్లిని పిలిపించాం. చాందినీని చూసింది, తల్లిని చూసింది, ఆకాశాన్నీ చూసింది. "భలే ఉందమ్మా. లోపల భోజనాల దగ్గర కట్టిద్దాం," అంది. పిన్ని గుడ్డను అంచుకు అంచు కలిపి, ఎవరో కుట్టించుకున్న బట్టను తిరిగి ఇచ్చేస్తున్నట్టు మడతపెట్టింది. నాకు ఆవిడ మీద జాలేసింది. చెల్లి మీద కోపమొచ్చింది. అయినా నేను నోరు మెదపలేదు, ఎందుకంటే ఆ వీడియో నాకూ కావాలి.

రెండు రోజులు పోయాక పిన్ని నుంచి ఫోను.

"ఏమే, కిటికీకి కర్టెను ఉంటుంది. వెలుతురు కావాలంటే కిటికీ పీకేస్తారా, కర్టెను జరుపుతారా?"

చాందినీ అంచులకు రింగులు కుట్టేసింది. అటూ ఇటూ తీగలు, చివర ఒక తాడు. తాడు లాగితే మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది. నేను చెయ్యెత్తగానే బాబాయి లాగాలి, ఆకాశం తెరుచుకోవాలి, కెమెరా పైకి లేవాలి. ఎవరి ముచ్చట వాళ్ళకు దక్కుతుంది. చెల్లి కూడా సరేనంది. రిహార్సల్‌లో నేను దోమను తోలుకోవడానికి చెయ్యెత్తినా బాబాయి లాగేశాడు. ఆయనకు దోమకూ సైగకూ తేడా నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పెళ్ళిరోజు పిన్ని వీధివాళ్ళంతా వచ్చి చాందినీ చుట్టూ కూర్చున్నారు. నేను దూరంగా రిమోటు పట్టుకుని, డ్రోనును పైన నిలబెట్టి సిద్ధంగా ఉన్నాను. అంతలో బేకరీ ఆయన తలెత్తి, "అది నా చొక్కా కదూ?" అన్నాడు.

అంతే. అందరి తలలూ లేచాయి.

"ఆ ఊదా చారలది నాది!"

"బట్ట బొటాబొటీగా సరిపోయిందన్నావు కదమ్మా! మరి ఇదేంటి?"

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరి కొలతలూ గుర్తుంచుకున్న మనిషికి, వాళ్ళ బట్టలు వాళ్ళకూ గుర్తుంటాయని మాత్రం తోచలేదు. కూతురి పెళ్ళిలో పరువు పోయిందనుకుంది పాపం. కానీ బేకరీ ఆయన కడుపుబ్బ నవ్వుతున్నాడు. లెక్కల టీచరమ్మ కుర్చీలోంచి లేచి మరీ, మొదటి ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న జాకెట్టును పక్కావిడకు చూపిస్తోంది. మందుల షాపాయన ఒక్కడే నవ్వలేదు. "అది మా నాన్న చొక్కా," అని మెల్లగా చెప్పి, అలా చూస్తూ ఉండిపోయాడు.

ఉంగరాలు బయటికి తీశారు. నేను చెయ్యెత్తాను. బాబాయి తాడు పట్టుకున్నాడు.

"ఆగండి! నాది ఇంకా దొరకలేదు!" అని ఎవరో అరిచారు. వెంటనే పదిమంది అందుకున్నారు. బాబాయి నా వైపు చూశాడు, జనం వైపు చూశాడు. అప్పుడు చెల్లి, ఉంగరం చేతిలో పట్టుకునే, తలెత్తి చాందినీ అంతా చూసింది. తర్వాత తల్లిని చూసింది.

"నాన్నా, తాడు వదిలెయ్," అంది.

ఆ గుడ్డ కిందే ఉంగరాలు మార్చుకున్నారు. నా తెరమీద మాత్రం చాందినీ వెనక వైపు, కుట్లు, దారం కొసలు. పెళ్ళికూతురూ లేదు, పెళ్ళికొడుకూ లేడు. పెళ్ళిలో అనకూడని మాటలు నాలుగు నాలో నేనే అనుకుని, డ్రోను దింపి పెట్టెలో పడేసి, విసవిసా పిన్ని దగ్గరికి వెళ్ళాను.

"చూశావా పిన్నీ, నా కష్టమంతా..."

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నా గడ్డం పట్టుకుని తల పైకి తిప్పింది.

"ముందు నీది వెతుక్కోవే. అటు కాదు మొద్దూ, ఆ మూల."

పసుపు మీద తెల్ల చుక్కలు. బళ్ళో చేరినప్పటి గౌను.

"జేబు కావాలని రోజంతా ఏడ్చావు. అది పెట్టాక మిగిలిన ముక్క."

పోట్లాడదామనే వెళ్ళాను. మెడ నొప్పి పుట్టేదాకా ఆవిడ పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాను.